గంటల లెక్క

పదహారేళ్ళుగా హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒక ప్లేస్కూలు నడుపుతున్నాను. పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా బడి. ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరున్నర దాకా డే కేర్. 46 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, నలుగురు ఆయమ్మలు, నేను. కింది అంతస్తులో బడి, పై అంతస్తులో మా ఇల్లు. "నీకేమమ్మా, ఇంటిపట్టున ఉండి నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్నావు, పిల్లలతో కాలక్షేపం కూడానూ" అంటారు మా చుట్టాలు. నన్ను బాధపెట్టాలని కాదు, మెచ్చుకోలుగానే అంటారు. కానీ ఈ ఇంటిపట్టు కాలక్షేపంలో నా కాలం ఎక్కడికి పోతోందో లెక్క చూడాలని చాలా ఏళ్ళుగా ఉంది. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

ఐదింటికి మోటారు వేయడంతో నా రోజు మొదలవుతుంది. ఏడు లోపల ఇంటి వంట, అత్తయ్య మాత్రలు, పిల్లల బడికి వండే పప్పులూ బియ్యం కొలిచి కింద పెట్టడం. ఏడున్నరకి ఫోన్ మోగిందంటే గుండె గుభేలుమంటుంది. "మేడమ్, ఈరోజు రాను, పిల్లకి జరం" అని ఏదో ఒక ఆయమ్మ. ఎనిమిదింటికి మాదాపూర్ వెళ్ళే క్యాబ్ గేటు ముందు ఆగుతుంది. తల్లి పిల్లవాణ్ణి చేతికిచ్చి, "రాత్రి రెండుసార్లు కక్కుకున్నాడండీ, ఇప్పుడు బాగానే ఉన్నాడు" అని వెనక్కి చూసుకుంటూ పరిగెడుతుంది. ఇక అక్కణ్ణించి సాయంత్రం దాకా మూడు పనులు ఒకదానిమీద ఒకటి పడుతూనే ఉంటాయి. తడిసిన నిక్కర్లూ, కొరుక్కున్న చేతులూ, నిద్ర రాని కళ్ళూ ఒక పని. ఫీజులూ, అద్దె, కరెంటు బిల్లూ, అడ్మిషన్ల కోసం వచ్చే ఫోన్లూ, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపూ రెండో పని. మేడమీది ఇల్లు మూడోది.

కొంతకాలం కిందట చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ళ కోసం పెట్టిన ఒకరోజు శిక్షణకి వెళ్ళాను. బ్యూటీపార్లర్ల వాళ్ళు, బొటిక్‌ల వాళ్ళు, కర్రీ పాయింట్ల వాళ్ళు, మాలాంటి ప్లేస్కూళ్ళ వాళ్ళు కలిసి ముప్ఫైమంది ఉంటాం. ఆ రోజు విషయం టైమ్ మేనేజ్‌మెంట్. శిక్షకుడు బోర్డు మీద నాలుగు గళ్ళు గీశాడు. ముఖ్యమైనవీ అత్యవసరమైనవీ ఒక గడిలో, ముఖ్యమే కానీ తొందర లేనివి మరో గడిలో, తొందరే కానీ ముఖ్యం కానివి మూడో గడిలో, ఏదీ కానివి నాలుగో గడిలో రాయమన్నాడు. మూడో గడిలోవి వేరేవాళ్ళకి అప్పగించమన్నాడు, నాలుగో గడిలోవి వదిలెయ్యమన్నాడు.

నా పక్కన కూర్చున్నావిడ నెలల పిల్లల్ని చూసే డే కేర్ నడుపుతోంది. ఆవిడ లేచి, "సార్, పిల్ల పాలు కక్కుకుంది. ఇది ఏ గడిలో రాయాలి?" అని అడిగింది. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వి, "అది మీ స్టాఫ్ పని మేడమ్. మీరు ఓనరు. ఓనరు వ్యాపారం గురించి ఆలోచించాలి గానీ వ్యాపారంలో మునిగిపోకూడదు" అన్నాడు. ఆవిడ కూర్చోబోతూ, "ఆ రోజు స్టాఫ్ రాలేదు సార్" అంది. ఈసారి మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆయన చెప్పినవాటిలో పనికొచ్చేవి ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను. ఇంటికొచ్చాక నన్ను పట్టుకుని వదలని ప్రశ్న వేరే ఉంది. అప్పగించడం అంటే ఎవరికి? నా చేతిలోంచి జారిన గంట ఎవరి చేతిలో పడుతుంది?

ఈ కాలాన్ని కొలిచే శాస్త్రం ఎక్కడ పుట్టిందో చదివితే నాకు కొంత అర్థమైంది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ స్టాప్‌వాచ్ పట్టుకుని కార్మికుల పనిని సెకన్లలోకి కోశాడు. 1911లో పుస్తకం రాశాడు. అదే కాలంలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్, ఆయన భార్య లిలియన్ గిల్‌బ్రెత్ తాపీపనివాళ్ళ కదలికల్ని లెక్కపెట్టి, అనవసరమైనవి తగ్గించే పద్ధతులు కనిపెట్టారు. లిలియన్ పన్నెండుమంది పిల్లల తల్లి. మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుంది. 1924లో భర్త చనిపోగానే, ఆడ ఇంజనీరు సలహా మాకెందుకని కంపెనీలు మొహం చాటేశాయి. అప్పుడామె వంటింటివైపు తిరిగింది. పొయ్యికీ, తొట్టికీ, అలమారకీ మధ్య ఆడవాళ్ళు వేసే అడుగులు తగ్గించడం మీద పనిచేసి పేరు తెచ్చుకుంది. నాకామె అంటే గౌరవమే. అయితే ఆమె ఇంట్లో పనికి మనుషులుండేవారు, అత్తగారి ఆసరా ఉండేది. కాలాన్ని అంత బాగా సర్దుకున్న మనిషి వెనక కూడా ఇంకొకరి కాలం ఉంది.

ఇంకో సంగతి. వాళ్ళు కొలిచింది ఇటుక పేర్చే పనిని. ఇటుక ఏడవదు. తాపీమేస్త్రీ టీ తాగొచ్చేదాకా ఉన్నచోటే ఉంటుంది. మా దగ్గర రెండున్నరేళ్ళ పాపకి బూట్లు వేసుకోవడం పది నిమిషాల పని. ఆయమ్మ వేస్తే అర నిమిషం. కానీ ఆ పాప తనంతట తను వేసుకోవడం నేర్చుకోవడానికే కదా బడికొచ్చింది! మధ్యాహ్నం పప్పన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని కిటికీలోంచి పిచికల్ని చూస్తూ కూర్చునే పిల్లాడు ఒకడున్నాడు. వాడి నోట్లో ముద్ద కరగడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు పడుతుంది. తొందరపెడితే కక్కుకుంటాడు, లేదా అన్నం అంటేనే భయపడతాడు. 2013లో వచ్చిన జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం మూడేళ్ళలోపు పిల్లలు పదిమందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళు ఇరవైమందికి ఒకరు పెద్దవాళ్ళుండాలని చెప్పింది. పదిమందికి ఒక్కరే తినిపించాలంటే నలభై నిమిషాల్లో ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్ని మూడు చేయడం ఏ శిక్షకుడైనా నేర్పగలడు. ఆ మిగిల్చిన నిమిషం పిల్లవాడి గొంతులోకి కుక్కిన చెంచా అవుతుంది. మా పనిలో ఆదా చేయకూడని కాలం ఇంత ఉంది. ఇది పోగా మిగిలిన దాంట్లోనే సర్దుకోవాలి.

మరి మిగిలింది ఎంత? ఒక జూలై నెలలో సోమవారం నుంచి శనివారం దాకా ఒక నోటుపుస్తకంలో ప్రతి అరగంటా రాసుకున్నాను. నాలుగు గళ్ళు నేనూ గీశాను. పిల్లలు, వ్యాపారం, ఇల్లు, నేను. ఒకే అరగంటలో రెండు పనులుంటే చెరి సగం వేశాను. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా రోజుకి 17 గంటల చొప్పున ఆరు రోజులకి 102 గంటలు. అందులో పిల్లలకి 38, వ్యాపారానికి 19, ఇంటికి 41, నాకు 4. ఆ నాలుగు కూడా ఒక్కచోట లేవు. అన్నిట్లోకీ పెద్ద ముక్క ఇరవై ఐదు నిమిషాలు.

నేను ఆశ్చర్యపోయింది నాలుగుని చూసి కాదు, 41ని చూసి. ఇల్లు నడుపుతూ మధ్యలో బడి నడుపుతున్నానన్నమాట! ఒక కొసరు లెక్క కూడా రాశాను. బడి వేళల్లో మేడమీది నుంచి నాకోసం ఎన్నిసార్లు పిలుపొచ్చిందీ అని. వారంలో 63 సార్లు. గ్యాస్ బండ వచ్చింది, కొరియర్ వచ్చింది, మోటారు ఆపలేదు, అత్తయ్య కళ్ళజోడు కనపడలేదు, చాకలి వచ్చాడు. మా ఆయన వారంలో మూడు రోజులు ఇంటినుంచే పనిచేస్తాడు. ఆయన తలుపు వేసుకుంటే ఎవరూ తట్టరు. గ్యాస్ బండ అబ్బాయి కూడా కిందికే వచ్చి నన్ను పిలుస్తాడు. నా ఆఫీసు మెట్ల కింద ఉంది. దానికి తలుపే లేదు.

ఇది నా ఒక్కదాని ఇంటి కథ కాదని ప్రభుత్వం లెక్కలే చెప్తున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతా తిరిగి ఎవరు ఏ పనికి ఎంత సేపు ఖర్చుపెడుతున్నారో అడిగింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024లో మళ్ళీ అడిగితే ఆడవాళ్ళకి 289, మగవాళ్ళకి 88. ఐదేళ్ళలో మన చాకిరీ పది నిమిషాలు తగ్గింది, వాళ్ళది తొమ్మిది నిమిషాలు తగ్గింది. మధ్యలో ఉన్న దూరం ఒక్క నిమిషమే కదిలింది. ఆ మూడు గంటల ఇరవై నిమిషాలూ డైరీ రాసుకుంటే దొరికేవి కావు. ఇంకొకరు పంచుకుంటేనే దొరికేవి.

నోటుపుస్తకం మా ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "ఇల్లు కూడా పనిలో కలిపావేంటి?" అన్నాడు. "మరి ఏ లెక్కలో రాయను?" అన్నాను. ఆ ప్రశ్న దగ్గర ఆ రోజుకి ఆగిపోయాం. తర్వాత నెల రోజులపాటు చిన్నచిన్న మాటలు, కొన్ని పెద్ద మాటలు కూడా నడిచాయి. ఇప్పుడు బడి వేళల్లో గ్యాస్, కొరియర్, మోటారు, అత్తయ్య మాత్రలు ఆయన ఉన్న మూడు రోజులూ ఆయనవి. ఆ 63 పిలుపులు ఇరవైకి వచ్చాయి. మెట్ల కింద గదికి ప్లైవుడ్ తలుపు పెట్టించాను. మూడువేల ఆరువందలైంది. నా వ్యాపారంలో అంత లాభసాటి పెట్టుబడి ఇంకోటి లేదు.

శిక్షణలో పనికొచ్చినవి కూడా చెప్తానన్నాను కదా. అడ్మిషన్ ఫోన్లు ఎప్పుడంటే అప్పుడు ఎత్తకుండా పదకొండు నుంచి పన్నెండు దాకా అని బోర్డు పెట్టాను. వాట్సాప్ గ్రూపులో ఫొటోలూ, జవాబులూ మధ్యాహ్నం పిల్లలు పడుకున్న వేళ ఒక్కసారే. పిల్లవాడికి బాగాలేకపోతే మాత్రం ఎప్పుడైనా ఫోనే చేస్తాం, మెసేజ్ పెట్టం. ఫీజుల లెక్క నెలకి రెండు శనివారాలు. ఏప్రిల్, మే నెలల్లోనే జూన్ అడ్మిషన్ల పనులు సగం చేసుకుంటాం. ఇవన్నీ బాగానే నడుస్తున్నాయి. వ్యాపారం గడిలో 19 గంటలు 14 అయ్యాయి.

కానీ ఏ బోర్డూ ఆపలేనిది సాయంత్రం ఆరున్నర. హైటెక్ సిటీలో ఆరింటికి బయల్దేరితే కూకట్‌పల్లి ఎన్నింటికి చేరతారో వానదేవుడికీ, ట్రాఫిక్‌కీ తెలియాలి. మెట్రో వచ్చాక కొంత నయం. అయినా నెలలో సగం రోజులు ఏడుంబావుకి ఒక తల్లి చెప్పుల చప్పుడుతో పరిగెత్తుకొస్తుంది. "సారీ అండీ, సారీ అండీ, మీటింగు అయిపోలేదు" అంటూ గేటు దగ్గర్నుంచే మొదలుపెడుతుంది. కళ్ళల్లో నీళ్ళుంటాయి. అదే సమయానికి తండ్రి వస్తే మెల్లగా బండి స్టాండు వేసి, "ఏరా, ఆడుకున్నావా?" అంటాడు. పదహారేళ్ళలో ఆలస్యానికి సారీ చెప్పిన తండ్రులు నా చేతివేళ్ళకి సరిపోతారు. ఇద్దరూ ఒకే ట్రాఫిక్‌లో వచ్చారు. తప్పు చేశానన్న బరువు మాత్రం ఒకరి భుజానే ఉంది.

ఆలస్యానికి జరిమానా పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. దీనిమీద ఒక ప్రసిద్ధమైన అధ్యయనం ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది డే కేర్లను యూరీ గ్నీజీ, ఆల్డో రుస్టికీని అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు గమనించి 2000లో వ్యాసం రాశారు. వాటిలో కొన్నింటిలో జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, ఇంచుమించు రెట్టింపయ్యాయి. జరిమానా తీసేశాక కూడా మామూలు స్థితికి రాలేదు. డబ్బు కడుతున్నాం కాబట్టి ఆ సమయం కొనుక్కున్నట్టే అనుకున్నారు. నేనది చదివి ఆలోచించింది ఇంకోటి. ఆ జరిమానా ఎవరికి చేరాలి? పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గేటువైపు చూస్తూ కూర్చున్న మనిషి ఎవరు?

మా దగ్గర ఆ మనిషి మా పెద్దాయమ్మ. ఆమెది మూసాపేట వైపు ఒక బస్తీ. మా తలుపు తెరవకముందు నుంచీ ఆమె తలుపు తెరిచే ఉంటుంది. నాలుగింటికి లేచి నీళ్ళు పట్టి, వండి, మా దగ్గరికొస్తుంది. ఒకరోజు రాత్రి ఏడున్నరకి చివరి పిల్లవాడు వెళ్ళాక, "మీకేంది మేడమ్, మెట్లెక్కితే ఇల్లు. నాకు బస్సు దొరకాలె, పోయి వండాలె. పొద్దున పిల్లలు పండుకున్నప్పుడు వస్తి, రాత్రి పిల్లలు పండుకున్నంక పోతి" అంది. కోపంగా అనలేదు. బ్యాగు సర్దుకుంటూ అంది. చుట్టాలన్న "నీకేమమ్మా" ఈసారి వేరే చోటు నుంచి వచ్చింది. ఈసారి ఆ మాట నిజం కూడా. సాఫ్ట్‌వేర్ అమ్మాయి గంట నామీద పడుతుంది, నా గంట ఆయమ్మ మీద పడుతుంది, ఆయమ్మ గంట ఇంట్లో పదకొండేళ్ళ ఆమె పెద్దకూతురి మీద పడుతుంది. తమ్ముణ్ణి చూసుకోవడానికి ఆ పిల్ల వారంలో రెండు రోజులు బడి మానేస్తోంది. ఇంతమంది ఆడవాళ్ళ చేతులు మారుతున్న ఈ గంట ఒక్కసారి కూడా మగవాళ్ళ చేతిలో పడలేదు.

అందుకని మూడు నిర్ణయాలు తీసుకున్నాం. ఒకటి, ఆరున్నర దాటాక ప్రతి పావుగంటకీ తల్లిదండ్రులు కట్టే డబ్బు నేరుగా ఆ రోజు ఆగిన ఆయమ్మకే. ఇద్దరు ఆయమ్మలు వంతులవారీగా ఆగుతారు. వంతు కాని రోజు ఆరున్నరకి బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోవచ్చు. నేను కూడా ఆపను. రెండోది, పెద్దాయమ్మ చిన్నకొడుకు మా దగ్గరే ఉంటాడు, అందరు పిల్లల్లాగే, అదే కుర్చీలో, అదే కంచంలో. దీనికి ఒక కుటుంబం అభ్యంతరం చెప్పింది. "ఆయా కొడుకుతో కలిపి కూర్చోబెడతారా?" అని నేరుగానే అడిగారు. అవునన్నాను. పిల్లని మాన్పించుకుని వెళ్ళిపోయారు. ఏడాది ఫీజు పోయింది. పెద్దాయమ్మ కూతురు మాత్రం వారంలో ఆరు రోజులూ బడికెళ్తోంది. నా లెక్కలో ఇది కూడా రాసుకున్నాను.

మూడో నిర్ణయం ఫోన్ల గురించి. ఎక్కడైనా చూడండి, ఫీజు బాకీ ఉంటే తండ్రికి ఫోన్ వెళ్తుంది, జ్వరమొస్తే తల్లికి వెళ్తుంది. మేం బేసి తేదీల్లో తండ్రికి, సరి తేదీల్లో తల్లికి చేస్తామని ఫారం మీదే అచ్చు వేయించాం. మొదట్లో "వాళ్ళమ్మకి చెయ్యండి మేడమ్, నేను ఆఫీసులో ఉన్నాను" అనేవారు. "ఆవిడా ఆఫీసులోనే ఉన్నారండీ. ఈరోజు పదిహేడు, మీ రోజు" అనేవాళ్ళం. నలుగురైదుగురు చిరాకుపడ్డారు. ఒకాయన నవ్వేసి వచ్చాడు. ఇప్పుడు చివరి గంటలో వచ్చేవాళ్ళలో మూడోవంతు తండ్రులు. సారీ చెప్పడం కూడా కొందరికి అలవాటవుతోంది.

మన చట్టాల్లో కూడా ఈ తల్లికే ఫోన్ చేసే అలవాటుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 30 మందికి పైగా ఆడకార్మికులుంటే పిల్లల గది పెట్టాలని ఉండేది. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలో 50 మందికి పైగా ఆడకూలీలుంటే పెట్టాలని ఉండేది. లెక్కపెట్టింది ఆడవాళ్ళని మాత్రమే. అంటే పిల్లలున్నది వాళ్ళకే. ఆడవాళ్ళని ఆ సంఖ్య దాటకుండా తీసుకుంటే యజమానికి గది ఖర్చు తప్పేది, ఆ దారి నిబంధనలోనే ఉండేది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు మొదటిసారి 50 మంది ఉద్యోగులు అన్నారు, ఆడా మగా కలిపి. సెలవు 26 వారాలకి పెంచారు. మంచిదే. కానీ రోజుకి నాలుగుసార్లు వెళ్ళి పిల్లని చూసుకునే వీలు మాత్రం తల్లికే ఇచ్చారు. మా వీధి చివర కడుతున్న అపార్టుమెంటు దగ్గర ఇసక గుట్టమీద ముగ్గురు పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్ అలాంటి పిల్లల కోసమే కూలీలు పనిచేసే చోట డేరా వేసి మొబైల్ క్రెషెస్ మొదలుపెట్టింది. యాభై ఏళ్ళు దాటినా ఆ ఇసక గుట్ట అలాగే ఉంది.

ప్రభుత్వమే యజమాని అయినచోట సంగతేంటి? 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ ఇప్పుడు దేశమంతా ఉంది. మా టీచర్లలో ఒకమ్మాయి తల్లి గుంటూరు జిల్లాలో అంగన్‌వాడీ కార్యకర్త. పిల్లల బరువులు తూచి, గుడ్లు పంచి, పాటలు చెప్పి, ఇళ్ళకి తిరిగి, రాత్రిపూట ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ నింపుతుంది. దీన్ని ఉద్యోగం అనరు, స్వచ్ఛంద సేవ అంటారు. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2022లో సుప్రీంకోర్టు వీళ్ళకి గ్రాట్యుటీ హక్కుందని తీర్పు చెప్పింది. 2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. అప్పుడు కార్యకర్తకి నెలకి 11,500, ఆయాకి 7,000. 42 రోజులు చలిలో కూర్చున్నారు. మధ్యలో ఎస్మా ప్రయోగించారు. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం! జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, పని ఆపితే అత్యవసర సేవ. ఆ శిక్షకుడి నాలుగు గళ్ళు గుర్తొచ్చి నవ్వొచ్చింది నాకు. ఆడవాళ్ళ పనిని ఏ గడిలో రాయాలో వీళ్ళకీ తెలియడం లేదు.

ఈ పని ఎంత అవసరమైనదో 2020 మార్చిలో అందరికీ తెలిసింది. లాక్‌డౌన్‌తో గేటుకి తాళం పడింది. మళ్ళీ పూర్తిగా తెరిచేసరికి 2022 వచ్చింది. ఆ రోజుల్లో తల్లులు ఫోన్ చేసేవారు. ఒళ్ళో పిల్ల, ఎదురుగా లాప్‌టాప్, పొయ్యిమీద కుక్కరు. "మేడమ్, ఒక్క రెండు గంటలు ఉంచుకోరా?" అని బతిమాలేవారు. ఇద్దరు ఉద్యోగాలు మానేశారు. వాళ్ళ భర్తలు మానలేదు. మా కాలనీలోనే నాకు తెలిసిన మూడు ప్లేస్కూళ్ళు మూతపడ్డాయి. వాటిని నడిపినవాళ్ళంతా ఆడవాళ్ళే. మేం అద్దె బాకీ పడి, నా గాజులు కుదువపెట్టి నిలబడ్డాం. మేం రోజూ అమ్ముతున్నది అఆఇఈలు కాదనీ, తల్లుల చేతికి తిరిగొచ్చే పదిగంటలనీ నాకు బాగా అర్థమైంది అప్పుడే.

అమ్మే సరుకు గంటలైతే, ఆ గంటల ధరలో నా గంటలు కూడా ఉండాలి కదా. ఫీజు లెక్కేసేటప్పుడు అద్దె, జీతాలు, సరుకులు, కరెంటు అన్నీ వేసి, నా పేరుతో ఒక జీతం కూడా వేశాను. మా లెక్కలు చూసే ఆయన అడ్డుకున్నాడు. "సొంత వ్యాపారానికి ఓనరు జీతం ఖర్చుగా చూపించలేమండీ. మిగిలిందంతా మీదేగా" అన్నాడు. పన్ను లెక్కల్లో ఆయన చెప్పింది నిజమే. అందుకని ఆయన పుస్తకంలో రాయమనలేదు. నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. మిగిలితే తీసుకునేది వేరు, చేసిన గంటలకి రావలసింది వేరు. ఆ వరస ఉంటేనే ఫీజు ఎంతో, ఎందుకో నాకు చెప్పడానికి నోరొస్తుంది. "రెండేళ్ళ పిల్లకి ఇంత ఫీజా?" అన్న తండ్రికి ఆ కాగితం చూపించాను. ఆయమ్మల జీతం వరస దగ్గర ఆగి, "ఇంతేనా వాళ్ళకి?" అన్నాడు. నిజానికి ఆ ప్రశ్న నాకూ ఉంది. ఈ జూన్‌లో ఫీజు పెంచుతున్నాం. పెంచినదంతా ఆ వరసలోకే వెళ్తుందని చెప్పి మరీ పెంచుతున్నాం. కొంతమంది వెళ్ళిపోవచ్చు. 46లో ఎంతమంది ఉంటారో మే నెలాఖరుకి తెలుస్తుంది.

కొత్త నోటుపుస్తకం ఒకటి పెద్దాయమ్మకి కూడా ఇచ్చాను. ఆమెకి రాయడం రాదు. కూతురు రాసిపెడుతోంది. నీళ్ళు పట్టడం, బస్సు కోసం నిలబడటం, ఇక్కడ పిల్లలు, అక్కడ వంట. "ఇన్ని రాస్తే పుస్తకం సాలదు మేడమ్" అంది పెద్దాయమ్మ. ఇది చదువుతున్న మీలో బళ్ళు నడిపేవాళ్ళు, పార్లర్లు నడిపేవాళ్ళు, ఇంటిపట్టున ఏదో ఒకటి చేసుకుంటున్నారనిపించుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. ఒక్క వారం రాసి చూడండి. మీదే కాదు, మీ దగ్గర పనిచేసేవాళ్ళది కూడా. రాసినదాన్ని ఇంట్లో అందరికీ కనపడేచోట పెట్టండి.